పసుపు పోగు

సిరిసిల్లలో నేతపని చేసే సాలోళ్ల వాడలో తెల్లవారుతున్న వేళ ఒక పిల్ల గేటు గేటు దగ్గరా వంగుతూ లేస్తూ నడుస్తుంటే, చూసినవాళ్లు పూలు తెంపుకుంటోందని అనుకునేవారు. "దేవయ్య బిడ్డకు భక్తి ఎక్కువ" అని మెచ్చుకున్నవారు కూడా ఉన్నారు. మనం అంతే కదా! దూరం నుంచి చూసి ఒక మాట అనేసి చాయ్ గ్లాసు అందుకుంటాం. దగ్గరికి వెళ్లి ఆ పిల్ల ఒడిలో ఏముందో చూసిన పుణ్యాత్ముడు ఆ వాడలో ఒక్కడూ లేడు.

ఆ ఒడిలో ఉండేవి నూలు పోగులు. తడి పసుపు రాసిన నూలు పోగులు. ఒకటి ఎవరి గేటు కొక్కేనికో, ఒకటి కరెంటు స్తంభానికో, మరొకటి బోరింగు పిడికో ముడివేసి ఉండేవి. నవ్య ఆ ముళ్లను గోళ్లతో, గోళ్లకు లొంగకపోతే పళ్లతో విప్పేది. గడపల ముందు చిందిన గంజిని నీళ్లు పోసి కాలితో రుద్దేది. వాడ నిద్రలేచేలోగా ఇల్లు చేరి, ఏమీ ఎరగనట్టు పళ్లు తోముకుంటూ నిలబడేది. ఏడో తరగతి చదువుతున్న పిల్లకు పొద్దు అలా మొదలయ్యేది.

ఆ పోగులు కట్టేది ఆమె బాపమ్మ మొగిలవ్వ.

మొగిలవ్వకు కొంతకాలంగా యాది తప్పుతోంది. మొదట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. తరువాత కొడుకు దేవయ్యను, చనిపోయిన తన మొగుడి పేరుతో పిలిచింది. ఆ తరువాత, కడుపునిండా తిని చెయ్యి కడుక్కున్న మనిషి ఇంటికొచ్చిన చుట్టాల ముందు కూర్చుని, "కోడలు నాకు బువ్వ పెడ్తలేదు బిడ్డా" అని కన్నీళ్లు పెట్టుకుంది. కోడలు వసంత ఒడిలో బీడీల చాటతో అక్కడే ఉంది. ఆమె మనసు ఎంత కాలి ఉంటుందో ఆడవాళ్లకు చెప్పనక్కరలేదు.

"గిదంత నాటకం" అని వసంత తేల్చేసింది. "ముసలితనంల గిట్లనే ఉంటరు" అన్నాడు దేవయ్య. ఒకరు నాటకమన్నారు, ఒకరు ముసలితనమన్నారు, జబ్బు అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. దేవయ్య పవర్‌లూములు నడిపే కార్మికుడు. వాటిని ఆ ఊళ్లో సాంచాలు అంటారు. రాత్రంతా ఆ సాంచాల మోతలో నిలబడి, పొద్దున వచ్చి పడిపోయే మనిషికి తల్లి ముఖంలోకి నిదానంగా చూసే తీరిక ఎక్కడిది? అతను చెడ్డవాడు కాదు. అలసినవాడు. మన ఇళ్లలో ముసలివాళ్లను బాధపెట్టేది చాలాసార్లు ఈ అలసినవాళ్లే.

ఒక రోజు మొగిలవ్వ ఇల్లు దాటి బస్టాండు దాకా వెళ్లిపోయింది. వాడలో అందరికీ తెలిసిన ఆటో డ్రైవర్ యోహాను ఆమెను గుర్తుపట్టి తీసుకొచ్చాడు. నలుగురి ముందు దేవయ్యకు తల తీసేసినట్టయింది.

"ఇంకొక్కపారి గడప దాటినవంటే ఎములాడకు తోలుకపోయి, రాజన్న గుడి మెట్ల కాడ కూసోబెట్టి అస్త! ఆడ నీ అసొంటోల్లు మస్తు మంది ఉన్నరు!" అని అరిచాడు.

కోపంలో అన్నాడు, అన్నం తిని మరిచిపోయాడు. పక్కనే హోంవర్కు చేసుకుంటున్న నవ్య మరిచిపోలేదు. పెద్దవాళ్ల మాటల్లో ఏది కోపమో ఏది నిజమో విడదీసుకోవడం పిల్లలకు చేతకాదు. బాపమ్మ గడప దాటిందని తెలిస్తే బాపు ఆమెను వేములవాడ మెట్ల మీద వదిలేస్తాడు. నవ్యకు అర్థమైంది అదొక్కటే. ఆ రోజు నుంచి ఆ భారమంతా ఆ పిల్ల ఒక్కతే మోసింది.

పడుకునే ముందు తన చున్నీ కొసను బాపమ్మ కొంగుకు ముడివేసుకునేది, కదిలితే మెలకువ వస్తుందని. కానీ మొగిలవ్వ సాలె ఇంటి కోడలు. ఏ ముడి అయినా చప్పుడు లేకుండా విప్పడం ఆ వేళ్లకు పుట్టుకతో వచ్చినట్టు వచ్చు. మనుషులను ఆమె మరిచినా, ఆ వేళ్లు ఇంకా ఏదీ మరవలేదు.

మొదటిసారి బాపమ్మను వీధిలో చూసిన తెల్లవారుజామున నవ్యకు ఏడుపు వచ్చినంత పనైంది. ముసలామె కొంగు నడుముకు బిగించి, ఇంట్లో మూలన పడి ఉన్న పాత నూలును ఎదురింటి గేటు నుంచి స్తంభానికి లాగి కడుతోంది.

"బాపమ్మా, ఏం జేస్తున్నవే? ఇంట్లకు పా!"

"కండ్లు కనవడ్తలేవా? పడుగు చాపుతున్న. ఎండెక్కితే గంజి ఆరిపోతది. ఆ కొస పట్టు."

"పడుగంటే ఏంది?"

మొగిలవ్వ చెయ్యి ఆపి వింతగా చూసింది. "సాలోల్ల వాడల పుట్టి పడుగంటే ఎర్కలేదా? నువ్వెవరి బిడ్డవే?"

నవ్యకు నిజంగానే ఎరుక లేదు. ఈ తరంలో ఎవరికుంది? చేతిమగ్గాల రోజుల్లో బట్టకు నిలువుగా వచ్చే పోగులన్నీ కలిపి పడుగు అనేవారు. పొద్దు పొడవకముందే ఆడవాళ్లు ఈ గడప నుంచి ఆ గడప దాకా వీధి పొడవునా దాన్ని చాపి, పోగు పోగుకూ గంజి పట్టించేవారు. మొదటి పోగుకు పసుపు రాయడం మొగిలవ్వ అత్తగారింటి అలవాటు. ఇప్పుడు ఆ పనంతా మిషన్లు చేస్తాయి, పోగులు చుట్టిన పెద్ద పెద్ద బీములు ట్రాలీ ఆటోల్లో వస్తాయి. పని పోయినప్పుడే ఆ మాట కూడా వాడలోంచి పోయింది. మొగిలవ్వ మాత్రం తిరిగి తిరిగి ఆ కాలానికే చేరింది. ఈ ఇంట్లో ఆమె ఎవరో ఆమెకు తెలియదు. ఆ వీధిలో మాత్రం తెల్లారేలోగా పడుగు చాపవలసిన కొత్త కోడలు.

ఆ విప్పిన పోగులను నవ్య పారేయలేదు. బాపమ్మ తలుపు వైపు నడవకుండా, బడికి పోయే ముందు ఆ చిక్కుపడ్డ నూలు ఆమె ముందు వేసేది. ముసలామె గంటల తరబడి చిక్కులు తీస్తూ శాంతంగా కూర్చునేది. నిద్రలో దేవయ్య, బీడీల పనిలో వసంత అది పట్టించుకోలేదు. ఇంట్లో ఎవరూ ఇవ్వని మందు అది. సాయంత్రానికి నవ్య ఆ నూలును బియ్యం సంచిలో కుక్కి మంచం కింద దాచేది. బడిలో కునికిపాట్లు పడేది. "రాత్రంత ఫోన్ చూస్తున్నవా?" అని సారు బెంచీ ఎక్కించాడు. ఎక్కింది.

శ్రావణంలో వానలు పడ్డాయి. వాడ మోరీలు నిండి దోమలు లేచాయి. ఎదురింటి కరుణాకర్ కొడుకు జీవన్‌కు జ్వరం పట్టుకుంది. కరుణాకర్‌కు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, డిగ్రీ చదివాడు, నలుగురిలో మర్యాద ఉన్న మనిషి. లేక లేక పుట్టిన కొడుకు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. పిల్లవాడిని దవాఖానాలో చేర్చి, అమ్మమ్మను దగ్గర ఉంచి, ఇల్లు సర్దుకుని పోదామని కరుణాకర్, భార్య శాంత ఇంటికి వచ్చారు.

సరిగ్గా ఆ పొద్దునే నవ్యకు మెలకువ రాలేదు. పాపం, పిల్ల కదా. నిద్ర ముంచేసింది.

శాంత వాకిట్లో నీళ్లు చల్లడానికి తలుపు తీసింది. గేటు కొక్కేనికి పసుపు పోగు. అక్కడి నుంచి స్తంభానికి ఇంకొకటి. గడప మీద తెల్లగా ఏదో చిందించి ఉంది.

"అయ్యో! నా కొడుకును మింగుతున్నరో! నా ఇంటికి బాణామతి జేసిండ్రో!"

ఆ కేకకు వాడంతా లేచింది. ఒక్కసారి ఆ మాట గాలిలోకి వచ్చాక ఇక చెప్పేదేముంది! ఒకరి మేక చచ్చిపోయిందట. ఒకరి కూతురి సంబంధం తప్పిపోయిందట. ఇంకొకరి సాంచ మోటారు కాలిందట. అన్నిటికీ ఆ క్షణంలో కారణం దొరికిపోయింది. "మొగిలవ్వ పొద్దుగాల తనలో తాను గులుగుతుంటది, నేను జూసిన" అన్నది ఒకామె. అంతే, మంద దేవయ్య ఇంటి మీదికి కదిలింది.

వసంత చుట్టిన బీడీలు ఇవ్వడానికి చీకటితోనే కార్ఖానాకు వెళ్లింది. దేవయ్య అప్పుడే పని నుంచి వచ్చి చొక్కా విప్పుతున్నాడు.

"నీ అవ్వ ఏది?" అన్నాడు కరుణాకర్. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది తమ్మీ? కూసో..."

"కూసునుడేంది? నా కొడుకు ఆడ సావుబతుకుల ఉన్నడు. ఎతుకుండ్రి ఇల్లంత!"

ఇల్లంతా ఎంత? రెండు గదులు. మంచం కింద చెయ్యి పెట్టగానే బియ్యం సంచి దొరికింది. బోర్లిస్తే పసుపు నూలు కుప్పగా పడింది. ముళ్ల మీద ముళ్లు. వాడంతా ఒక అడుగు వెనక్కి వేసింది.

బాపమ్మను కాపాడుకోవడానికి ఆ పిల్ల దాచిన నూలే బాపమ్మ మీద సాక్ష్యం అయింది.

దేవయ్య ఆ కుప్పను చూశాడు. తల్లిని చూశాడు. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ చెప్పాలి, కన్నకొడుకు కూడా ఆ క్షణంలో నమ్మాడు. "అవ్వా... నువ్వు గీ పని జేస్తున్నవా?" అని అడిగాడు. మొగిలవ్వ అతని ముఖంలోకి చూసి, "నువ్వెవరివి బిడ్డా? మా ఇంటాయన మగ్గం మీదున్నడు, పిలువాల్నా?" అంది.

"సూసిండ్రా! సచ్చినోన్ని పిలుస్తదట!" అని ఎవరో కేక వేశారు.

"ఆ సంచి నేను దాసిన!" నవ్య అడ్డం పడింది. "మంత్రం కాదు కాకా, గది పడుగు! బాపమ్మకు యాది ఉంటలేదు, గందుకే..."

"పోరికి గుడ నేర్పుతుంది ముసల్ది!" అన్నారు వెనుక నుంచి. ఇక నవ్య ఏది చెప్పినా అది బాపమ్మ మెడకే చుట్టుకుంటోంది.

ముసలామెను వీధిలోకి లాక్కొచ్చారు. "పండ్లు రాలగొట్టుండ్రి, మంత్రం పారదు" అన్నాడొకడు. ఆమె నోట్లో రాలగొట్టడానికి పళ్లెన్ని మిగిలాయని! ఈ మాటలు రాయడానికి సిగ్గుగా ఉంది. చేతిలో సెల్‌ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నవారి నోటి నుంచే ఆ మాటలు వచ్చాయి, అదీ మన కాలం.

"ఏ చెయ్యితోని కట్టినవ్? గీ చెయ్యితోనేనా?" కరుణాకర్ ఆమె కుడి మణికట్టు పట్టి మెలితిప్పాడు. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. మొగిలవ్వ "అమ్మా" అని మెల్లగా అని, స్తంభం మొదట్లో కూలబడింది.

నవ్య ఎవరి కాళ్లు పట్టుకుందో ఆమెకే తెలియదు. అందరి కాళ్లూ పట్టుకుంది. "సారీ కాకా, సారీ కాకా, ఇంకోపారి పోనియ్య, తాళమేసుకుంట" అంటూ మట్టిలో పొర్లింది. ఎవరూ వినలేదు. తండ్రి వైపు చూసింది. దేవయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ పిల్లకు లోకంలో ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదు.

అప్పుడు మొగిలవ్వ ఎడమచెయ్యి మట్టిలో ఏదో వెతికింది. తెగిపడిన ఒక పసుపు పోగు దొరికింది. దాని కొసను కరుణాకర్ ఇంటి గేటు వైపు చాపి, ఆ గడపలో ఎవరో నిలబడి ఉన్నట్టే పిలిచింది.

"ఓ లచ్చవ్వా! ఆ కొస పట్టుకోవే. పొద్దెక్కుతుంది, గంజి ఆరిపోతది. నీ పోరన్ని పడుగు కిందికి రానియ్యకు, పోగులు తెంపుతడు. అరేయ్ కర్ణా, ఇవుతలికి రా బిడ్డా, కంట్ల పోగు గుచ్చుకుంటది!"

లచ్చవ్వ కరుణాకర్ తల్లి. ఆమె పోయి చాలాకాలమైంది. కర్ణా అని అతన్ని పిలిచినవారు ఆమె తరువాత ఎవరూ లేరు.

కరుణాకర్ తన గేటు కొక్కేన్ని చూశాడు. ఆ కొక్కెం పాత ఇంటి నాటిది, పడుగు కట్టుకోవడానికి తల్లి కొట్టించినది. ఇల్లు కొత్తగా కట్టినప్పుడు పీకడానికి మనసొప్పక గేటు దిమ్మెలో ఉంచేశాడు. ఎందుకుందో ఇన్నేళ్లూ తలచుకోలేదు. చాపిన పడుగు కింద పందిరి అనుకుని ఆడుకున్నదీ, మొగిలవ్వ ఇచ్చిన గంజి గిన్నె అడుగు నాకినదీ ఒక్కసారిగా గుర్తొచ్చి అతను ఆమె పక్కనే మట్టిలో కూర్చున్నాడు. గుంపులో నడివయసువాళ్లందరూ తలలు దించుకున్నారు. వాళ్లలో పడుగు కింద ఆడని వాడు లేడు. కానీ చెయ్యి అప్పటికే విరిగింది.

దవాఖానాలో కట్టు కట్టారు. కబురు తెలిసి కోరుట్ల నుంచి మొగిలవ్వ కూతురు అమృత ఏడుస్తూ వచ్చింది. ఆమె పట్టుబట్టి తల్లిని జగిత్యాలలో మతికి సంబంధించిన జబ్బులు చూసే ప్రవీణ అనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. దేవయ్య, వసంత, నవ్య వెంట వెళ్లారు.

డాక్టరమ్మ మొగిలవ్వతో చాలాసేపు మాట్లాడింది. తరువాత ఇంటివాళ్ల వైపు తిరిగింది.

"ఈ మార్పు మీలో మొదట ఎవరు గుర్తుపట్టిండ్రు?"

దేవయ్య నేల చూశాడు. వసంత కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్య బడిలో ఎత్తినట్టు చెయ్యి ఎత్తింది.

"మరి ఇంట్ల ఎందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తే ఎములాడ మెట్ల మీద ఇడిసిపెడ్తమన్నరు."

దేవయ్య ఆ గదిలోనే చంటిపిల్లవాడిలా ఏడ్చాడు. డాక్టరమ్మ అతన్ని ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే మంచిదైంది.

"చూడు దేవయ్యా, ఇది నాటకం కాదు, గాలి కాదు, మంత్రం కాదు. ఇది మెదడుకు వచ్చే జబ్బు. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ ముందే తోలుకొస్తే ఆమె భయం తగ్గించేదాన్ని, మీకు ఎట్ల చూసుకోవాల్నో చెప్పేదాన్ని. గీ పిల్ల నూలు చేతికిచ్చి కూసోబెట్టింది చూడు, అదే సరైన పని. ఆ పని ఇంటిల్లిపాది చేయాలె. వాడంత తెలుసుకోవాలె. చిన్నపిల్ల నెత్తి మీద పెట్టి పెద్దలు నిద్రపోతే గిట్లనే అయితది."

"చెయ్యి మంచిగయితదా మేడం?" నవ్య అడిగింది.

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "బొక్క అతుకుతది. ముడి వేసే బలం మాత్రం మల్ల రాదు బిడ్డా."

అన్నట్టే అయింది. మొగిలవ్వ ఇక తెల్లవారుజామున లేవడం లేదు. గడప దాటడం లేదు. వసంత బీడీల చాట పక్కన పెట్టి కలిపిన ముద్దలు నోటికి అందిస్తోంది. దేవయ్య పని నుంచి రాగానే తల్లి పక్కన కూర్చుంటున్నాడు. అందరూ చూస్తున్నారు, అంతా బాగానే చూస్తున్నారు. వాళ్లు చూసుకుంటున్న ఆ మనిషే అక్కడ లేదు. నూలు ఒడిలో వేస్తే వాపు తగ్గని వేళ్లతో తడిమి, పట్టు దొరకక, బిక్కముఖం వేసి వదిలేస్తోంది. బాపమ్మ కొంగుకు చున్నీ ముడివేసే అవసరం లేకుండా పోయినందుకు నవ్య దిండులో ముఖం దాచుకుని ఏడ్చేది.

జీవన్‌కు వచ్చింది డెంగీ జ్వరం. మోరీ దోమల పుణ్యం. తగ్గింది. ఒక ఆదివారం కరుణాకర్, శాంత పిల్లవాడిని ఎత్తుకుని బత్తాయి పండ్లతో వచ్చారు. వెనుక వాడలో సగం మంది వాకిట్లో నిలబడ్డారు. కరుణాకర్ మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఆ కట్టు చేతిని తన నుదుటికి ఆనించుకున్నాడు.

"మొగిలవ్వా, తప్పయింది. మాఫ్ జెయ్యి."

మొగిలవ్వ అతన్ని చూడలేదు. జీవన్‌ను చూసి నవ్వింది. "ఎవల పిలగాడు? బువ్వ తిన్నడా?" అంది. తరువాత నవ్య వైపు తిరిగి, "నువ్వెవరి బిడ్డవే?" అని అడిగింది.

కరుణాకర్ నవ్య వైపు చూశాడు. "నువ్వన్న చెప్పు బిడ్డా, మీ బాపమ్మ నన్ను మాఫ్ జేస్తదా?"

నవ్య లేచి నిలబడింది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు, ఏడుపు కూడా అయిపోయింది. వాకిట్లో ఉన్న అందరికీ వినిపించేలా అడిగింది.

"మాఫ్ జేసేతందుకు ఆమెకు యాది లేదు కాకా. మా బాపమ్మ రోగమచ్చి మర్సిపోయింది. మీరంత ఏ రోగమచ్చి మర్సిపోయిండ్రు?"